రెండు చుక్కల సొరుగు

"మంగళవారం మధ్యాహ్నం పన్నెండు నలభై ఏడుకి నువ్వెక్కడున్నావు, లేలో?"

"కింద క్యాంటీన్లో, బఠాణీ సూపు తాగుతున్నాను. ఇది అడగడం నాలుగోసారి."

"నేనడగడం మొదటిసారి. ముందు మూడుసార్లు అడిగింది ఇంద్రెక్."

"ఎవరడిగితే ఏంటి సర్? సూపు అదే కదా."

ఇన్‌స్పెక్టర్ రైన్ సోసార్ నవ్వు ఆపుకున్నాడు. పొద్దున తొమ్మిదింటి నుంచి ఈ గదిలో కూర్చున్న మనిషికి ఇంకా ఇలా మాట్లాడే ఓపిక ఉందంటే మెచ్చుకోవాల్సిందే. ఎవరో ఆమెకి టీ ఇచ్చి, పక్కన రెండు చక్కెర బిళ్ళలు పెట్టి వెళ్ళారు. నిందితులకి ఒకటే ఇవ్వడం ఈ స్టేషన్లో మామూలు. ఆ రెండో బిళ్ళ ఎవరు పెట్టారో గాని, రైన్‌కి వాళ్ళ మీద అభిమానం కలిగింది.

లేలో కంగ్రొకి ముప్పై నాలుగేళ్ళు. ఎస్తోనియాలోని తార్తు నగరంలో పాత భూమి కార్డుల్ని కంప్యూటరుకెక్కించే కేంద్రంలో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. ఎనభై, తొంభై ఏళ్ళ నాటి కార్డు తీసి మైకు ముందు పైకి చదువుతారు. యంత్రం విని రాస్తుంది. చదివినవాళ్ళు సరిచూసుకుని, రీడర్లో తమ గుర్తింపు కార్డు ఉంచి, ఐదంకెల సంతకం నంబరు కొడతారు. అంతే, అది ప్రభుత్వ దస్త్రం అయిపోతుంది. మంగళవారం 12:47కి లేలో గుర్తింపు కార్డుతో అలా ఒక దస్త్రం పుట్టింది. ఔనకోర్వె అనే పొలానికి 1939లో యజమాని యూహాన్ కంగ్రొ అని అందులో ఉంది. యూహాన్ కంగ్రొ లేలో ముత్తాత. ఆ పొలంలో కాపురముంటున్న ముసలావిడ బుధవారం పొద్దున కాఫీ తాగుతూ ఫోనులో తన పొలం దస్త్రం తెరిస్తే, తన తాత పేరు పోయి ముక్కూ మొహం తెలియని పేరు కనిపించింది. కేంద్రంవాళ్ళు వెతికితే అసలు భూమి కార్డు సొరుగులో లేదు.

ఈ రోజు గురువారం, టైము ఒంటిగంట ఇరవై. నాలుగింటికి ఇంద్రెక్ తూల్ తన నివేదిక మీద సంతకం పెట్టి ప్రాసిక్యూటరుకి పంపుతాడు. ఆ తరవాత లేలో నిర్దోషి అని తేలినా, దస్త్రం దిద్దిన మనిషిగా పడిన పేరు పోదు. ఈ దేశంలో ఏ ప్రభుత్వ దస్త్రాన్నీ ఆమె మళ్ళీ ముట్టుకోలేదు. ఆ పని తప్ప ఆమెకి ఇంకోటి రాదు.

"సూపుకి వెళ్ళేటప్పుడు గుర్తింపు కార్డేం చేశావు?"

ఆమె తల దించుకుంది. "రీడర్లోనే వదిలేశాను."

"రోజూ వదిలేస్తావా?"

"అందరం వదిలేస్తాం సర్. రోజుకి రెండొందల సంతకాలు పెడతాం. నంబరు తెలియకుండా ఆ కార్డు ఎవరికి పనికొస్తుందిలే అనుకుంటాం."

"నంబరు ఎవరికి తెలుసు?"

"నాకే. ఇప్పుడు ఎలాగూ రద్దు చేశారుగా, చెప్పేస్తాను. తొమ్మిది, సున్నా ఆరు, పద్నాలుగు. మా అమ్మాయి పుట్టినరోజు."

"పుట్టినరోజు పెట్టుకుంటారా ఎవరైనా? తలుచుకుంటే పసిపిల్లలు కూడా కనుక్కుంటారు."

"మరి మీదేంటి సర్?"

రైన్ చేతిలోని కాగితం తిరగేశాడు. అది సంతకాల చిట్టా. 12:46కి నంబరు తప్పు. 12:47కి ఒప్పు.

"ఎప్పుడైనా నంబరు తప్పు కొట్టావా?"

"రెండొందలసార్లు కొట్టే నంబరు సర్. నిద్రలో లేపి అడిగినా తప్పు పోను."

"నీ మీద ఎవరికైనా కోపముందా?"

"నా మీదా? నేనేం చేశానని?" కాసేపు ఆలోచించింది. "పోయిన నెల పేపర్లో నా ఫొటో వేశారు. పాత చేతిరాత ఈవిడ చదివినట్టు ఇంకెవరూ చదవలేరని రాశారు. కొత్త విభాగానికి నన్ను పెద్దగా వేశారు. కొంతమంది మొహం మాడ్చుకున్నారనుకోండి. కానీ మా కాల్యో మాస్టారు మాత్రం కేకు కొని తెచ్చారు. ఆ చేతిరాతలు చదవడం నాకు నేర్పింది ఆయనే."

"పేపర్లో ఆయన పేరు వేశారా?"

"చెప్పాను సర్. వాళ్ళు వెయ్యలేదు."

*

వరండాలో ఇంద్రెక్ ఎదురయ్యాడు. సైబరు విభాగం అధికారి. నలభై ఒక్క ఏళ్ళు. కిందటేడు ఆ విభాగానికి పెద్ద పోస్టు ఖాళీ అయితే, అది రైన్‌దేనని స్టేషనంతా అనుకుంది. రైన్ కూడా అనుకున్నాడు. ఉత్తర్వులు ఇంద్రెక్ పేరు మీద వచ్చాయి. అంతటితో ఆగితే సర్దుకుపోయేవాడేమో. తనతో విడాకులు తీసుకుని రెండేళ్ళయిన హెల్వె, ఈ వసంతం నుంచి ఇంద్రెక్ పక్కన కనిపించడం మొదలైంది.

ఇంద్రెక్ మెడలో బూడిదరంగు మఫ్లరు ఉంది. దాని చివర రెండో వరసలో ఒక కుట్టు జారి ఉంది. హెల్వె ఎప్పుడూ అక్కడే ఒక కుట్టు జారవిడుస్తుంది. పదహారేళ్ళు ఆమె అల్లిన మఫ్లర్లు కట్టుకున్నవాడికి ఆ సంగతి ఇంకొకరు చెప్పాలా? రైన్ చూపు తిప్పుకున్నాడు. కానీ ఆ జారిన కుట్టు కంట్లో నలుసులా ఉండిపోయింది.

"అయిందా నీ పరామర్శ?" అన్నాడు ఇంద్రెక్.

"కాలేదు. కేంద్రానికెళ్ళి చూసొస్తా."

"చూడ్డానికేముందక్కడ? కార్డు ఆమెది, నంబరు ఆమెది, లాభం ఆమెది. యంత్రం అబద్ధమాడదు రైన్."

"యంత్రం ఆడుతుందని నేనన్నానా? దాని ముందు కూర్చున్న మనిషి ఆడతాడు. సొంత నంబరు మొదటిసారి ఎందుకు తప్పు కొట్టిందో చెప్పు."

"చెయ్యి వణికింది. దొంగతనం చేసేటప్పుడు వణకదా?"

"ముత్తాత పేరు రాసి, కింద తన పేరుతోనే సంతకం పెట్టే దొంగని నువ్వెక్కడైనా చూశావా? అంత తెలివితక్కువదైతే ఆ కేంద్రంలో ఆరేళ్ళెలా నెట్టుకొచ్చింది?"

"ఇదిగో చూడు." ఇంద్రెక్ గొంతు తగ్గించాడు. "నువ్వు ఈ కేసు కోసం కొట్లాడుతున్నావా, నాతో కొట్లాడుతున్నావా? ముందది తేల్చుకో. నాలుగింటికి పంపేస్తా. ఒక్క నిమిషం కూడా ఆగను."

రైన్ విసురుగా మెట్లు దిగాడు.

*

కేంద్రంలో కాల్యో వాహ్తెర్ స్వయంగా తలుపు తీశాడు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి. తెల్లటి గడ్డం, మోచేతుల దగ్గర తోలు అతుకులు వేసిన కోటు. సమయం రెండూ పది.

"రండి రండి. లేలో ఎలా ఉంది? ఏమైనా తిందా?"

"టీ తాగింది."

"పాపం." జేబులోంచి పేపరులో చుట్టిన ఆపిల్ తీశాడు. "ఇది ఆమెకివ్వండి. మా చెట్టు ఆపిల్. రోజూ ఒకటి ఆమె బల్ల మీద పెడతాను."

ఆపిల్ అనే మాటని ఆయన మూతి గుండ్రంగా చుట్టి అన్నాడు. రైన్‌కి నవ్వొచ్చింది.

"మీది సారెమా దీవి కదూ?"

"నోరు తెరిస్తే దొరికిపోతాం, ఏం చేస్తాం! నలభై ఏళ్ళయింది తీరానికొచ్చి. నాలుక మాత్రం పడవ దిగలేదు."

ఎస్తోనియా వర్ణమాలలో ఓకారంలా కనిపించే అక్షరాలు రెండున్నాయి. ఒకదాని మీద అల గీస్తారు, ఇంకోదాని మీద రెండు చుక్కలు పెడతారు. అల అక్షరాన్ని మూతి సాగదీసి పలకాలి, చుక్కల దాన్ని గుండ్రంగా చుట్టి పలకాలి. ఆ భాషలో ఆపిల్ అన్న మాట అలతోనే మొదలవుతుంది. దీవివాళ్ళకి అల పలకదు. ళకారం నోరు తిరగనివాడు నీళ్ళని 'నీల్లు' అన్నట్టు, వాళ్ళ నోట్లో అలలన్నీ చుక్కలైపోతాయి. దాని మీద స్కూల్లో పిల్లలు, కొలువుల్లో పెద్దలు వేళాకోళం ఆడుతూనే ఉంటారు.

చదివే గది అద్దాల పెట్టెలా ఉంది. ఒక కుర్చీ, మైకు, తెర, రీడరు. రైన్ తలుపు మూసి చూశాడు. బయటి చప్పుడు ఆగిపోయింది.

"ఇక్కడ చదివిన గొంతు ఎక్కడైనా నిలవ ఉంటుందా?"

"ఉండదండీ. సంతకం పడగానే గొంతు చెరిగిపోతుంది, రాత ఒక్కటే మిగులుతుంది. రూలు అది."

"మంగళవారం పన్నెండున్నర, ఒంటిగంట మధ్య మీరెక్కడున్నారు?"

"నా బల్ల దగ్గర. నేను సూపు తాగను, డబ్బా తెచ్చుకుంటాను." గాజుగోడ అవతలి బల్ల చూపించాడు. లేలో కుర్చీకి పది అడుగుల దూరం.

రైన్ తెర మీద ఆ దస్త్రం తెరిపించాడు. ఇంద్రెక్ చూసింది సంతకం. తను రాత చూద్దామనుకున్నాడు. మొదటి పంక్తిలోనే కన్ను ఆగింది. ఔనకోర్వె. ఆపిల్ వనం అని అర్థం. ఆ పేరులో అల అక్షరం రెండుసార్లు రావాలి. తెర మీద రెండుచోట్లా చుక్కలున్నాయి.

"ఈ యంత్రం అక్షరాలు తప్పు రాస్తుందా?"

"మామూలు మాటలైతే అదే దిద్దుకుంటుంది. ఊళ్ళ పేర్లు, పొలాల పేర్లు మాత్రం విన్నది విన్నట్టు రాస్తుంది. అందుకేగా సంతకానికి ముందు చూసుకోమనేది."

"లేలోది ఏ ఊరు?"

"వోరు పట్టణం."

వోరు పేరులోనే అల ఉంది. అక్కడివాళ్ళు పాలు తాగే వయసులోనే ఆ అక్షరం పలుకుతారు. ఈ చుక్కలు ఆమె నోటివి కావు.

"కార్డుల సొరుగులు చూపిస్తారా?"

పొడవాటి గది. గోడంతా చెక్క సొరుగులు, ఇత్తడి పిడులు. వర్ణమాల చివర్లో అల అక్షరం సొరుగు, దాని తరవాత ఇంకో అక్షరం వదిలి, రెండు చుక్కల సొరుగు.

"అల సొరుగు నిన్న ముగ్గురు వెతికారు," అన్నాడు కాల్యో. గొంతులో నిజమైన విస్మయం ఉంది. "అక్కడ లేకపోవడమేంటో నాకూ అంతు పట్టడం లేదు."

రైన్ అల సొరుగు జోలికి పోలేదు. చుక్కల సొరుగు పిడి పట్టుకుని లాగాడు. ఇందులో కార్డులు తక్కువే. పదకొండోది పసుపు కార్డు. అంచు నలిగి ఉంది. పాతకాలపు గుమాస్తా చేతిరాత. మొదటి అక్షరం నెత్తిన సిరా చెదిరింది. అది అలో, చుక్కలో ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. పేరు మాత్రం స్పష్టంగా ఉంది. యజమాని, మాదిస్ రెబానె. ఆ ముసలావిడ తాత.

కాల్యో కార్డు వైపు చూశాడు. సొరుగు మీది అక్షరం చూశాడు. మళ్ళీ కార్డు చూశాడు.

"దాని చోట్లోనే పెట్టాననుకున్నాను," అన్నాడు నెమ్మదిగా.

"మీ నాలుక చూపించిన చోట్లో పెట్టారు. కార్డు దొరకాలి, లేలో రాసింది తప్పని తేలాలి. అదే కదా మీకు కావలసింది? అందుకే చింపలేదు."

"చింపడమా!" ముసలాయన నిజంగానే ఉలిక్కిపడ్డాడు. "తొంభై ఏళ్ళ కాగితమండీ అది!"

"ముప్పై నాలుగేళ్ళ మనిషిని మాత్రం చింపొచ్చా?"

కాల్యో కుర్చీ కోసం చెయ్యి చాచాడు. రైన్ కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. ఇదివరకు చూడని చిట్టా ఒకటి స్టేషన్‌కి ఫోను చేసి చదివించుకున్నాడు. ప్రభుత్వ కంప్యూటర్లో ఎవరి వివరాలు ఎవరు తెరిచినా, తెరిచినవాడి పేరూ, సమయం, కారణం ఆ మనిషి పేజీలో పడతాయి. కావాలంటే వాళ్ళు చూసుకోవచ్చు. లేలో పేజీ మంగళవారం ఉదయం 9:22కి తెరిచారు. తెరిచింది కాల్యో వాహ్తెర్. కారణం, ఉద్యోగుల వివరాల సవరణ.

"ముందు ఆమె పుట్టినరోజు కొట్టారు. పడలేదు. తరవాత కూతురిది కొట్టారు."

"నెలలో పంతొమ్మిదిసార్లు తెరిచానండీ ఆ పేజీ." ఆయన ఏడవలేదు. చేతులు మాత్రం ఒడిలో ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి. "నంబరు కోసం కాదు మొదట్లో. ఊరికే. జీతం ఎంత పెరిగిందో, పోస్టు ఏమిటో. ముప్పై ఏళ్ళు నా కళ్ళు పోగొట్టుకుని నేర్చుకున్న చేతిరాతలవి. ఆమెకి బియ్యపు గింజల్లా ఏరి ఏరి పెట్టాను. చివరికి పేపర్లో ఎవరి ఫొటో? నన్ను తలుచుకోలేదని కాదు, పిల్ల మంచిది, తలుచుకునే ఉంటుంది. అయినా ఆ పేజీ తెరవందే నాకు పూట గడిచేది కాదు. మీకు తెలియదు లెండి ఆ జబ్బు."

ఆ జబ్బు రైన్‌కి తెలుసు.

*

స్టేషనుకి వచ్చేసరికి మూడూ ఇరవై. కాల్యోని కింది గదిలో కూర్చోబెట్టి, సీలు వేసిన కవరులో కార్డు పట్టుకుని రైన్ పైకి వచ్చాడు. ఇంద్రెక్ బల్ల మీద కవరు పెట్టి, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఇంద్రెక్ అడ్డు రాకుండా విన్నాడు. మఫ్లరు కుర్చీ వెనక వేలాడుతోంది.

"చుక్కలు," అన్నాడు చివరికి. "నేను ఆ రాత పదిసార్లు చూశాను. సంతకమే చదివాను."

"నా నివేదిక రాసుకున్నాను. సంతకం పెట్టేస్తే లేలో ఇంటికెళ్ళొచ్చు." రైన్ గొంతులో గెలుపు దాగలేదు. దాచాలని అతను ప్రయత్నించనూ లేదు.

"ఒక్క నిమిషం." ఇంద్రెక్ ఫోను తీసి, బల్ల మీద రైన్ వైపు తిప్పాడు. "ఇందాక హెల్వె పంపింది."

హెల్వె పేజీ అది. నిన్న సాయంత్రం 4:10, 4:31, 5:02. చూసినవారు, రైన్ సోసార్. కారణం చోట ఒక కేసు నంబరు. లేలో కేసు నంబరు.

"అడ్రసు మార్చిందా లేదా అని చూశావు," అన్నాడు ఇంద్రెక్. అరవలేదు. అరిచి ఉంటే రైన్‌కి కొంచెం తేలికయ్యేది. "మార్చింది. మా ఇంటికే. అడిగి ఉంటే చెప్పేవాళ్ళం కదయ్యా!"

"ఎలా అడగమంటావు?"

"నోటితో."

"ఫిర్యాదు చేస్తుందా?"

"చెయ్యనంది. నిన్ను అడగమంది, అంతే. కానీ నాకు తెలిసిపోయింది. నేను పోలీసుని. పైగా నీ గొడవ నీతో పోదు. ఈ కేసు నంబరు అడ్డుపెట్టుకుని పెళ్ళాం పేజీ చూసినవాడు..."

"మాజీ పెళ్ళాం."

"...మాజీ పెళ్ళాం పేజీ చూసినవాడు దర్యాప్తు చేశాడంటే, కాల్యో వకీలు మొదట పట్టుకునేది ఆ చెయ్యే. కార్డు నువ్వే సొరుగు మార్చావంటాడు. లేలో మళ్ళీ మొదటికొస్తుంది."

గోడ గడియారంలో మూడూ ముప్పై నాలుగు. రైన్ ఆ జారిన కుట్టు వైపు చూశాడు. రెండేళ్ళలో తన చేతికి దక్కిన ఒకే ఒక్క గెలుపు, బల్ల మీద కవరులో ఉంది. దాన్ని ఇంద్రెక్ వైపు జరపాలంటే అది ఇటుకలా బరువుగా అనిపించింది. జరిపాడు.

"కాల్యో కింద ఉన్నాడు. నువ్వే వెళ్ళి విను. మొదటి నుంచి చెప్పించు, ఆపిల్ అని కూడా అనిపించు. సొరుగు ఫొటోలు కేంద్రంవాళ్ళ ఎదటే తీశాను, వాళ్ళనీ అడుగు. నీ పేరుతో రాసి, నీ కార్డుతో సంతకం పెట్టు."

ఇంద్రెక్ కదల్లేదు. "కనిపెట్టింది నువ్వు."

"అవును. రెండు పనులూ చేసింది నేనే. లే, టైము లేదు."

ఇంద్రెక్ లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. ఏదో అనబోయి, అనకుండా దిగిపోయాడు. వెటకారమాడడానికి అంతకంటే మంచి అదను దొరకదు. ఆడలేదు. ఆ ఉపకారాన్ని కూడా రైన్ గుర్తుపెట్టుకోక తప్పలేదు.

3:56కి లేలో బయటికి వచ్చింది. రైన్ ఆమె చేతిలో పేపరు చుట్టిన ఆపిల్ పెట్టాడు. ఎవరిచ్చారని అడిగింది. చెప్పాడు. ఎవరు చేశారని అడిగింది. అదీ చెప్పాడు. ఆమె చాలాసేపు ఆ పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. పారెయ్యలేదు, తినలేదు. కోటు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

రైన్ తన బల్ల దగ్గర కూర్చున్నాడు. అంతర్గత విచారణ విభాగానికి ఏడు పంక్తులు రాశాడు. మూడు సమయాలు, వాడుకున్న కేసు నంబరు, చూసిన మనిషి పేరు. అసలు కారణం చోట ముందు 'వ్యక్తిగతం' అని రాసి, కొట్టేసి, 'ఓర్వలేక' అని రాశాడు. ఇది వెళ్ళాక సోమవారం అతని దగ్గర బ్యాడ్జీ ఉంటుందో ఉండదో తెలియదు.

రీడర్లో కార్డు పెట్టాడు. సంతకం నంబరు అడిగింది. వేలు మీట మీద ఆగింది. మరి మీదేంటి సర్, అన్న లేలో గొంతు చెవిలో వినిపించింది.

మార్చి ఇరవై మూడు, డెబ్భై ఐదు. రెండేళ్ళుగా మార్చుకోలేకపోయిన ఐదంకెలు. రెండు, మూడు, మూడు, ఏడు, ఐదు. హెల్వె పుట్టినరోజు.

మొదటిసారికే పడింది.